గుప్పిట పట్టని వేలు

ప్రశ్న: నేను బయోమెకానిక్స్‌లో పీజీ చేస్తున్నాను. ప్రాజెక్టు కోసం చూపుడువేలికి ఓపెన్‌సిమ్‌లో కంప్యూటర్ మోడల్ కడుతున్నాను. ఎముకలు, మూడు కీళ్లు, వేలిని ముడిచే పొడుగు కండరాలు రెండు, చాపే కండరం ఒకటి పెట్టాను. కానీ వేలు మామూలుగా ముడుచుకోవడం లేదు. కొస, మధ్య కీళ్లు ముందే వంకర తిరిగిపోతున్నాయి. అరచేతి దగ్గరి కీలు వెనక్కి విరుచుకుంటోంది. అరచేతిలో బంతి పెడితే పట్టుకోకుండా బయటికి నెట్టేస్తోంది. కండరాల బలం పెంచి చూశాను, తగ్గించి చూశాను, లాభం లేదు. టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) పొడవు గ్రాఫ్‌లో ఉన్నట్టుండి గెంతులు వస్తున్నాయి. ఒక్కోసారి సిమ్యులేషన్ మొత్తం పేలిపోతోంది. వేలికొసతో నొక్కే లెక్క చేస్తే చాపే కండరం బలం సున్నా అని చూపిస్తోంది. మా దగ్గర మృతదేహాల మీద ప్రయోగాలు చేసే ల్యాబ్ లేదు, మరి సరిచూసుకునేది ఎలా? ఇవన్నీ చాలవన్నట్టు బొటనవేలు కూడా కలపమని గైడ్ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక విద్యార్థిని

సమాధానం: ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. మీ మోడల్ చెడిపోలేదు. అరచేతిలోని చిన్న కండరాలు లేని వేలు ఎలా ముడుచుకోవాలో సరిగ్గా అలాగే ముడుచుకుంటోంది. బంతిని నెట్టేయడం కూడా అందులో భాగమే. మీరు రాసిన నాలుగు వాక్యాలు ఒక హ్యాండ్ సర్జన్‌కు చూపిస్తే, అది మోడల్ అని చెప్పకపోతే, ఎవరో రోగి చేతిని చూసి రాశారనుకుంటారు.

చూపుడువేలిని నడిపించే కండరాలు మొత్తం 7. వేలిలో మాత్రం ఒక్కటీ ఉండదు, అక్కడికి వచ్చేవన్నీ టెండన్లే. ముంజేతిలో పుట్టి వేలిని ముడిచేవి రెండు: కొస ఎముక దాకా వెళ్లే ప్రొఫండస్, మధ్య ఎముక దగ్గర ఆగిపోయే సూపర్‌ఫిషియాలిస్. ముంజేతి నుంచే వచ్చి చాపేవి రెండు. మిగిలిన మూడూ అరచేతిలోనే పుడతాయి: ఇంటరోసియస్ కండరాలు రెండు, లుంబ్రికల్ ఒకటి. చాపే కండరాల్లో రెండోది మీరు పెట్టకపోయినా ఫరవాలేదు, మీ పనికి దాన్ని మొదటిదానిలో కలిపేయొచ్చు. అరచేతిలోని ఆ మూడూ లేకుండా మాత్రం గుప్పిట రాదు.

కారణం అవి వెళ్లే దారిలో ఉంది. లుంబ్రికల్ టెండన్ మొదటి కీలును, అంటే అరచేతి దగ్గరి కీలును, అరచేతి వైపు నుంచి దాటుతుంది. అక్కడి నుంచి వేలి పక్కగా పైకెక్కి, మధ్య కీలునూ కొస కీలునూ గోరు వైపు నుంచి దాటుతుంది. అందుకే ఒక్క లాగుతోనే మొదటి కీలును ముడుస్తుంది, తర్వాతి రెండింటినీ చాపుతుంది. మీరు పెట్టిన పొడుగు కండరాల్లో దేనికీ ఈ పని చేతకాదు. ప్రొఫండస్ దాటిన ప్రతి కీలునూ ముడుస్తుంది, చాపే కండరం దాటిన ప్రతి కీలునూ చాపుతుంది. రెండూ ఒకేసారి లాగితే మొదటి కీలు దగ్గర చాపే కండరానిది పైచేయి అవుతుంది, కీలు వెనక్కి విరుచుకుంటుంది. అలా విరుచుకునేసరికి ఆ టెండన్ కదలగలిగిన దూరమంతా అక్కడే ఖర్చయిపోతుంది, ముందున్న రెండు కీళ్ల మీద పట్టు వదులైపోతుంది. ఇక ప్రొఫండస్‌కు అడ్డేముంది? కొస, మధ్య కీళ్లు ముడుచుకుపోతాయి. బలం అంకెలు మీరు ఎంత తిప్పినా ఈ వంకర పోదు, ఎందుకంటే లోటు బలంలో కాదు, దారిలో ఉంది.

మనుషుల్లో దీన్ని క్లా హ్యాండ్ అంటారు. అల్నార్ నరం దెబ్బతింటే ముఖ్యంగా ఉంగరపువేలు, చిటికెనవేలు ఇలా అవుతాయి. మీడియన్ నరం కూడా పోతే నాలుగు వేళ్లదీ ఇదే పరిస్థితి. కుష్టు వ్యాధి ఈ నరాలను దెబ్బతీస్తుంది. 1940ల చివర్లో వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ అలాంటి చేతులకు టెండన్ మార్పిడి ఆపరేషన్లు మొదలుపెట్టారు. పనిచేస్తున్న కండరం ఒకదాని టెండన్‌ను తీసి, పడిపోయిన చిన్న కండరాల పని అప్పగించడం అన్నమాట. అలా చేయాలంటే ఏ కండరం ఎంత దూరం లాగగలదు, మిగతావాటితో పోలిస్తే దాని బలమెంత అన్నది తెలిసి తీరాలి. బ్రాండ్, ఆయన సహచరులు ముంజేతి, చేతి కండరాలన్నిటికీ ఆ వివరాలు కొలిచి 1981లో ప్రచురించారు. చేతి మోడల్ కట్టేవాళ్లు ఇప్పటికీ వెతుక్కునే కొలతల్లో అవి ఉన్నాయి. మీ పని ఎక్కడికి చేరగలదో మీకు తెలియాలని ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. టెండన్‌ను ఎక్కడ కుడితే వేలు ఎలా కదులుతుందో కత్తి పెట్టకముందే చూడగలిగితే, అది ఒక మనిషి అన్నం ముద్ద పట్టుకోగలడా లేదా అన్న దానికి సంబంధించిన విషయం.

కాబట్టి మొదటి పని, లుంబ్రికల్‌ను, అరచేతి వైపు ఇంటరోసియస్‌ను కలపండి. చేతి వెనక వైపుది, అంటే మొదటి డోర్సల్ ఇంటరోసియస్‌ను కూడా పెట్టండి కానీ దాని నుంచి మధ్య, కొస కీళ్లకు పెద్ద సాయం ఆశించకండి. చూపుడువేలిలో అది చాలావరకు ఎముకకే అతుక్కుంటుంది, మొదటి కీలును ముడవడానికి, వేలిని పక్కకు జరపడానికి పనికొస్తుంది. లుంబ్రికల్‌తో మీకు ఒక చిక్కు ఎదురవుతుంది. అది ఎముక మీద పుట్టదు, ప్రొఫండస్ టెండన్ మీద పుడుతుంది. ప్రొఫండస్ లాగినప్పుడల్లా దాని మొదలు కూడా వెనక్కి జరుగుతుంది. ఓపెన్‌సిమ్‌లో కండరం మొదలు ఏదో ఒక ఎముకకో, వస్తువుకో కట్టాల్సిందే. మీ ప్రశ్న వేలు ముడుచుకునే వరస గురించే కనుక, మొదలును అరచేతి మధ్యలో ఒక చోట స్థిరంగా కట్టేసి ముందుకు సాగండి. అలా కట్టామని రిపోర్టులో స్పష్టంగా రాయండి, లుంబ్రికల్ ఫైబర్ (కండరం పోగు) పొడవు గురించి మాత్రం ఏ నిర్ణయానికీ రాకండి.

ఇక గోరు వైపు. చాపే టెండన్ వేలి మీదికి వచ్చాక ఒక్క తాడుగా ఉండదు. మధ్య పాయ ఒకటి మధ్య ఎముక మొదట్లో అతుక్కుంటుంది. పక్క పాయలు రెండు చిన్న కండరాల టెండన్లతో కలిసి, మధ్య కీలుకు అటూ ఇటూగా సాగి, ముందు మళ్లీ ఒక్కటై కొస ఎముకకు అతుక్కుంటాయి. ఏ పాయలో ఎంత బిగువు ఉంటుందన్నది వేలు ఏ భంగిమలో ఉందో, ఏ కండరం ఎంత లాగుతోందో దాన్ని బట్టి మారిపోతుంది. ఈ వల దానంతట అదే బిగువును పంచిపెడుతుందని, అది ఒక రకంగా లెక్క చేయడమేనని ఫ్రాన్సిస్కో వాలెరో-క్యూవాస్ బృందం 2007లో చూపించింది. నాకు ఈ సబ్జెక్టు మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే.

దీన్ని మీ చేతి మీదే చూడొచ్చు. వేలిని బల్ల అంచు మీద పెట్టి, మధ్య కీలు దగ్గర 90 డిగ్రీలు కిందికి వంచండి. రెండో చేత్తో మధ్య ఎముకను కదలకుండా నొక్కి పట్టుకుని, ఇప్పుడు వేలిని చాపడానికి బలంగా ప్రయత్నించండి. అలా ప్రయత్నిస్తూనే కొసను ఇంకెవరినైనా కదిపి చూడమనండి. అది వదులుగా ఊగుతుంది. బలమంతా మధ్య పాయ తీసేసుకుంది, పక్క పాయలు సడలిపోయాయి. మధ్య పాయ తెగిందా అని డాక్టర్లు చూసే ఎల్సన్ పరీక్ష ఇదే. తెగినవాళ్లలో కొస బిగుసుకుంటుంది. ఇప్పుడు మీ మోడల్‌లో మధ్య కీలును 90 డిగ్రీల దగ్గర లాక్ చేసి చాపే కండరాన్ని లాగించండి. కొస కీలు దగ్గర టార్క్ (కీలును తిప్పే బలం) గట్టిగా వస్తోందంటే, పాయలను మీరు స్థిరమైన వాటాలతో పంచారని అర్థం. ఓపెన్‌సిమ్‌లో ఒక కండరానికి ఒకే దారి, ఆ దారి పొడవునా ఒకే బిగువు. పాయలను వేర్వేరు కండరాలుగా పెట్టుకోవడం మామూలు ఉపాయం. అప్పుడు వాటాలు భంగిమతో పాటు మారేలా ఒక పట్టిక మీరే ఇవ్వాలి.

గ్రాఫ్‌లో గెంతుల సంగతికి వస్తాను, ఎందుకంటే మీ మోడల్‌లో నిజంగా సరిచేయాల్సింది అదే. ముడిచే టెండన్లు వేలి పొడవునా ఒక తొడుగులో నడుస్తాయి, సైకిల్ బ్రేకు తీగ దాని గొట్టంలో నడిచినట్టు. ఆ తొడుగును పుల్లీలు ఎముకకు అదిమి పట్టి ఉంచుతాయి. వలయాల్లాంటివి ఎ1 నుంచి ఎ5 వరకు 5. వాటి మధ్య అడ్డంగా అల్లుకున్న సన్నవి ఇంకొన్ని ఉంటాయి. ఎ2, ఎ4 నేరుగా ఎముకల మీద ఉంటాయి, అసలు బరువు మోసేవి అవే. రాళ్లెక్కే క్రీడాకారుల్లో ఎ2 తెగడం తరచుగా జరుగుతుంది. తెగితే వేలు ముడిచినప్పుడు టెండన్ ఎముకను వదిలి బయటికి లేస్తుంది. మీరు టెండన్‌కు రెండు మూడు బిందువులే ఇచ్చి ఉంటే మీ మోడల్‌లోనూ అదే జరుగుతుంది. వేలు ముడుచుకునే కొద్దీ టెండన్ కీలుకు దూరమవుతుంది, ముడిచే బలం అబద్ధంగా పెరుగుతుంది.

లైడెన్‌లో పనిచేసిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త లాండ్స్‌మీర్ 1961లో టెండన్ కీలును దాటే తీరును మూడు నమూనాలుగా విడదీశారు. ఒకటి, ఎముక గుండ్రటి తల మీద టెండన్ అంటిపెట్టుకుని జారడం. రెండు, ఒకచోట మాత్రమే పట్టి ఉండి, వంగినప్పుడు కీలుకు దూరంగా లేవడం. మూడు, రెండు ఎముకల వెంబడీ తొడుగులో బిగిసి ఉండి, కీలు దగ్గర మాత్రం మెత్తగా వంపు తిరగడం. గోరు వైపు టెండన్లకు మొదటిది వాడండి, ముడిచే టెండన్లకు మూడోది. మూడోదాన్ని రాబట్టడానికి ఎ2, ఎ4 పుల్లీల రెండు అంచుల దగ్గరా బిందువులు పెట్టండి, కీలు దగ్గర టెండన్ చుట్టుకుని సాగేలా ఒక సిలిండర్ పెట్టండి. సిలిండర్ అక్షం కీలు అక్షంతో సరిగ్గా కలవాలి. మీ బిందువుల్లో ఏదీ, వేలు ఏ కోణంలో ఉన్నా, సిలిండర్ లోపలికి పోకూడదు. పోయిందంటే సాఫ్ట్‌వేర్ ఆ క్షణంలో చుట్టడం మానేసి గీతను తిన్నగా గీస్తుంది. టెండన్ సిలిండర్ అవతలి వైపుకు దూకినా అంతే. మీ గెంతులు ఈ రెండింటిలో ఒకటి కావడానికే ఎక్కువ అవకాశం.

దారి సరిచేశాక కండరాలన్నీ ఆపేసి ఒక్క పని చేయండి. ఒక కీలును 1 డిగ్రీ చొప్పున తిప్పుతూ, మిగతా కీళ్లను కదలనివ్వకుండా, టెండన్ పొడవు ఎంత మారుతోందో గీయండి. కోణాన్ని రేడియన్లలో పెడితే ఆ గీత వాలే మొమెంట్ ఆర్మ్, అంటే కీలు అక్షం నుంచి టెండన్‌కు ఉండే దూరం. కై-నాన్ ఆన్ బృందం 1983లో చూపుడువేలి కండరాలకు ఈ పద్ధతిలోనే కొలిచి ప్రచురించింది. ప్రొఫండస్‌కు మొదటి కీలు దగ్గర సుమారు 11 మి.మీ., మధ్య కీలు దగ్గర 8 మి.మీ., కొస కీలు దగ్గర 4 మి.మీ. అనుకోండి. మూడు కీళ్లూ వరసగా 90, 100, 70 డిగ్రీలు వంగితే టెండన్ 17, 14, 5 మి.మీ. చొప్పున మొత్తం 36 మి.మీ. జరగాలి. ఈ లెక్క కాగితం మీద చేసుకోవచ్చు. మీ మోడల్‌లో 50 మి.మీ. వస్తే టెండన్ ఎక్కడో పైకి లేస్తోంది, 20 వస్తే ఎక్కడో కీలు మధ్యలోంచి పోతోంది. ఈ గీతలు నున్నగా వచ్చేదాకా దయచేసి కండరాల జోలికి వెళ్లకండి. తర్వాత వచ్చే ప్రతి అంకె దీని మీదే నిలబడుతుంది.

కండరాల దగ్గరికి వచ్చాక ఎక్కువ తిప్పలు పెట్టేది టెండన్ స్లాక్ లెంగ్త్, అంటే బిగువు మొదలయ్యే ముందు టెండన్ పొడవు. ప్రొఫండస్‌లో ఫైబర్ పొట్టి, టెండన్ పొడుగు. 25 సెం.మీ. టెండన్‌లో 4 శాతం తేడా అంటే 1 సెం.మీ. అదే 1 సెం.మీ. 6–7 సెం.మీ. ఫైబర్ మీద పడితే దాదాపు 15 శాతం. కండరం బలం ఫైబర్ పొడవు మీద ఆధారపడుతుంది కాబట్టి, కంటికి ఆనని ఆ 4 శాతం మీ ఫలితాన్ని తలకిందులు చేయగలదు. దీన్ని అంచనాతో వదిలేయకుండా చేతి సహజ స్వభావంతో సరిచూసుకోండి. ముంజేతిని బల్ల మీద ఆనించి, చేతిని పూర్తిగా వదులుగా ఉంచి మణికట్టును వెనక్కి వంచితే వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. మణికట్టును కిందికి వాల్చితే చాచుకుంటాయి. మీ మోడల్‌కు మణికట్టు కీలు కూడా ఇచ్చి, కండరాలకు ఏ ఆదేశమూ లేకుండా ఇదే చేయించండి. రెండు వైపులా కదలిక వచ్చేలా స్లాక్ లెంగ్త్ సవరించండి. బలం లెక్కకు వాడే స్పెసిఫిక్ టెన్షన్, అంటే కండరం అడ్డుకోతలో ఒక్కో చదరపు సెంటీమీటరు ఇచ్చే బలం, మోడల్‌ను బట్టి చదరపు సెంటీమీటరుకు 20 పైచిలుకు న్యూటన్ల నుంచి 50 దాకా తేడాగా ఉంటుంది. ఒకటి ఎంచుకుని అన్ని కండరాలకూ అదే వాడండి.

పేలిపోవడానికి కారణం చిన్నదే. వేలి ఎముకల బరువు చాలా తక్కువ, వాటిని లాగే టెండన్లు చాలా బిర్రు. అలాంటి జతకు సాల్వర్, అంటే కదలికను లెక్కగట్టే ప్రోగ్రాం, అతి చిన్న అడుగులు వేయాల్సి వస్తుంది. నిజమైన వేలిని అదుపులో ఉంచేది కీళ్లకుండే బిరుసుతనం, డ్యాంపింగ్ (ఊపును అణిచే గుణం). మీరు అవి పెట్టి ఉండరు. ప్రతి కీలుకూ కొంచెం చొప్పున ఇవ్వండి. నెమ్మదిగా ముడిచే వేలికైతే డైనమిక్స్ పక్కన పెట్టి, భంగిమ తర్వాత భంగిమగా బలాల సమతుల్యం చూసినా చాలు.

మృతదేహాల ల్యాబ్ లేదని బాధపడకండి. పైన చెప్పిన మొమెంట్ ఆర్మ్ కొలతలు, ఎల్సన్ పరీక్ష, మణికట్టు పరీక్ష మీకు మూడు గట్టి ఆధారాలు. నాలుగోది ఇదిగో. చూపుడువేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు చాచి పట్టి ఉంచి, మధ్యవేలిని మాత్రమే ముడవండి. మధ్య కీలు వంగుతుంది, కొస వదులుగా ఉండిపోతుంది. పక్క వేళ్లను పట్టి ఉంచడంతో ప్రొఫండస్ కట్టుబడిపోయింది, పనిచేసింది సూపర్‌ఫిషియాలిస్ ఒక్కటే. చూపుడువేలితో ఇది చేయకండి, చాలామందిలో దాని ప్రొఫండస్ విడిగా పనిచేస్తుంది. మోడల్‌లో ప్రొఫండస్‌ను సున్నా చేసి సూపర్‌ఫిషియాలిస్‌ను లాగిస్తే అదే కనిపించాలి.

బలాల మాటకొస్తే, 1998లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, మణికట్టు దగ్గర కార్పల్ టన్నెల్ ఆపరేషన్ జరుగుతున్నవారి సూపర్‌ఫిషియాలిస్ టెండన్‌లో బిగువును నేరుగా కొలిచారు. వేలికొస నొక్కే బలం కంటే టెండన్ బిగువు సగటున 3.3 రెట్లు ఉంది. మనిషిని బట్టి 1.7 నుంచి 5.8 దాకా మారింది. అప్పటి మోడల్ చెప్పినదానికంటే ఇది ఎక్కువ. మీ నిష్పత్తి ఈ హద్దుల్లో ఉంటే సంతోషించండి, సగటుకు సరిగ్గా అతకలేదని మాత్రం అంకెలు సాగదీయకండి.

చాపే కండరం సున్నా రావడం మీ తప్పు కాదు. ఏ కండరం ఎంత లాగాలో తేల్చే స్టాటిక్ ఆప్టిమైజేషన్ అనే లెక్క అన్ని కండరాల శ్రమనూ కలిపి వీలైనంత తగ్గిస్తుంది. ఎదురెదురు కండరాలు రెండూ ఒకేసారి లాగడం దానికి వృథా ఖర్చుగా కనిపిస్తుంది. మనిషి మాత్రం కీలు నిలకడ కోసం రెండింటినీ వాడతాడు. వేలికొస బలం దిశను కూడా కచ్చితంగా నిర్దేశించి, చిన్న కండరాలు కలిపాక మళ్లీ లెక్క చేయించండి. అప్పుడు చాపే కండరం అవసరమైన చోట పైకి రావచ్చు. అప్పటికీ సున్నాయే వస్తే, దాన్ని శరీరం చేసే పనిగా రాయకండి. ఆ పద్ధతి ఇచ్చిన జవాబు అది, అంతే.

బొటనవేలి విషయంలో నేను మీ గైడ్‌తో ఏకీభవించలేను. దాని మొదలు కీలు జీను ఆకారంలో ఉంటుంది. అందులో రెండు తిరుగుడు అక్షాలున్నాయి, అవి ఒకదాన్నొకటి కలవవు, ఒకదానికొకటి లంబంగానూ ఉండవు. చూపుడువేలికి మీరు నేర్చుకున్న సిలిండర్ల పద్ధతి అక్కడ నేరుగా పనిచేయదు. చేయి మొత్తం కావాలంటే ఇప్పటికే సిద్ధంగా ఉన్న మోడళ్లున్నాయి. మయోహ్యాండ్‌లో 29 ఎముకలు, 23 కీళ్లు, 39 కండరాలు ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా తెరిచి చూడొచ్చు. దాన్ని గైడ్‌కు చూపించి, ఈ ప్రాజెక్టుకు చూపుడువేలు ఒక్కటే ఉంచుతామని అడగండి. అడిగేటప్పుడు రెండు గ్రాఫులు తీసుకెళ్లండి: చిన్న కండరాలు లేనప్పుడు వేలు ముడుచుకున్న వరస ఒకటి, కలిపాక వచ్చిన వరస ఒకటి. మొదటిదాన్ని విఫలమైన ప్రయత్నం అని రాయకండి, ఇంట్రిన్సిక్ (అరచేతిలోని చిన్న) కండరాలు పడిపోయిన వేలి మోడల్ అని పేరు పెట్టండి. మీ థీసిస్‌లో అదొక అధ్యాయం అవుతుంది.